నీటి అంచనాలు వేసేవాళ్లకి, గేట్లు తిప్పేవాళ్లకి, మైకు ముందు అంకె చదివేవాళ్లకి

నమస్కారం.

నదుల్లోకి ఈ సీజన్‌లో ఎంత నీరొస్తుందో లెక్కకట్టే శాస్త్రవేత్తలూ, ఆ లెక్క చూసి రిజర్వాయర్ గేట్లు ఎత్తాలో దించాలో తేల్చే ఇంజినీర్లూ, చివర్లో మైకు ముందు కూర్చుని "నీటికి ఢోకా లేదు" అని చెప్పే అధికారులూ, మీ ముగ్గురికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నా. విడివిడిగా రాస్తే ఒకరి మీదికి ఒకరు తోసేసుకుంటారేమో అని నా భయం, తప్పుగా అనుకోకండి.

నేను శాస్త్రవేత్తని కాను. నీళ్లు వాడుకునేవాణ్ణి, మీరు బయటపెట్టే బులెటిన్లూ రిపోర్టులూ ఓపిగ్గా చదివేవాణ్ణి. చదవగా చదవగా అర్థమైంది ఏంటంటే, మీ దగ్గర అంకెతో పాటు అనుమానం కూడా ఉంటుంది. "ఇంత రావచ్చు, కానీ ఇంతకి పడిపోయే అవకాశం కూడా బాగానే ఉంది" అని మీ మోడల్ మీకు చెబుతూనే ఉంటుంది. ఆ మాట ఒక్కో టేబుల్ దాటేకొద్దీ కొంచెం కొంచెం తగ్గిపోయి, మా దాకా వచ్చేసరికి "సగటులో ఇన్ని శాతం" అని ఒకే ఒక్క అంకె మిగులుతుంది. మధ్యలో మాయమైపోయిన ఆ అనుమానం గురించే నా గొడవంతా.

ఒకప్పుడు ఇది పెద్ద సమస్య కాదేమో. వాతావరణం ఏడాదికో రకంగా ఊగినా, ఆ ఊగడం పాత రికార్డుల్లో కనిపించిన హద్దుల మధ్యే ఉంటుందన్న నమ్మకం మీద డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య పంపకాలు చేసుకున్నారు. 2008లో కొందరు నీటి శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఆ నమ్మకానికి కాలం చెల్లిందని మొహమాటం లేకుండా రాసేశారు. అది రాసి చాలా ఏళ్లయింది. మీ ఆఫీసుల్లో అది చదవనివాళ్లు ఉంటారని నేననుకోను. అయినా మాకిచ్చే బులెటిన్ చూస్తే ఆ వార్త ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.

కొలరాడో నది సంగతే చూడండి. 1922లో అమెరికాలో ఏడు రాష్ట్రాలు ఆ నదిని పంచుకున్నాయి. పై రాష్ట్రాలకి 75 లక్షల ఎకరా అడుగులు (ఎకరా అడుగంటే ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు), కింది రాష్ట్రాలకి మరో 75 లక్షలు, టీఎంసీల్లో చెప్పాలంటే మొత్తం 650కి పైనే. 1944 ఒప్పందంతో మెక్సికోకి ఇంకో 15 లక్షల ఎకరా అడుగులు రాసిచ్చారు. పంచేటప్పుడు చేతిలో ఉన్నది చాలా కొద్ది ఏళ్ల రికార్డు, పైగా అవి మామూలు కంటే బాగా తడి ఏళ్లు. ఆ సంగతి తర్వాత చెట్ల వలయాలు కొలిచి, వందల ఏళ్ల వెనక్కి లెక్కలు వేస్తే 1970ల్లో స్పష్టంగా బయటపడింది. అంటే లేని నీళ్లని కాగితం మీద పంచేశారు. దాని మీద ఎండ కూడా పెరిగింది. 2000 నుంచి ఆ నదిలో సహజంగా పారే నీరు ఇరవయ్యో శతాబ్దపు సగటు కంటే దాదాపు ఐదో వంతు తగ్గింది. 2021 ఆగస్టులో చరిత్రలో మొదటిసారి అధికారికంగా కొరత ప్రకటించారు, 2022 వేసవికి ఆ నది మీదున్న మీడ్ రిజర్వాయర్ 1930ల్లో మొదటిసారి నిండినప్పటి నుంచి ఎప్పుడూ లేనంత కిందికి దిగింది. ఇందులో నన్ను బాధపెట్టేది వాళ్లు తప్పు లెక్క వేయడం కాదు, అప్పుడున్న సమాచారంతో ఎవరేసినా అంతే. ఆ లెక్క మీద అనుమానం పడినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు, ఆ అనుమానానికి ఒప్పందంలో ఎక్కడా చోటివ్వలేదు. ఇంత శాతం అని పంచుకోకుండా ఇన్ని ఎకరా అడుగులు అని రాసుకున్నారు. వందేళ్ల తర్వాత కూడా ఆ రాష్ట్రాలు దాని చుట్టూనే కొట్టుకుంటున్నాయి.

ఇక ఎండ చేసే పని. మామూలుగా మేమంతా కరువంటే వాన పడకపోవడం అనే అనుకుంటాం. మీకు తెలుసు అది సగం మాటే అని. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది మోయగలిగే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ గాలి ఎక్కడ దొరికితే అక్కడ, నేల నుంచి, ఆకుల నుంచి, రిజర్వాయర్ మీద నుంచి లాగేసుకుంటుంది. అందుకే పోయినసారి పడినంత వానే మళ్లీ పడినా ఏట్లోకి పోయినసారి వచ్చినంత నీరు రాదు. కొలరాడో మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం, ఒక్కో డిగ్రీ వేడికి ఆ నది ప్రవాహం 9 శాతం దాకా తగ్గుతుందని తేల్చింది. ఇది వానలో ఏ మార్పూ లేకపోయినా జరిగేది.

నైరుతి ఆస్ట్రేలియాలో పెర్త్ నగరానికి ఇది ఎప్పుడో అర్థమైంది. 1970ల మధ్య నుంచి అక్కడ చలికాలపు వానలు తగ్గుతూ వచ్చాయి. తగ్గుదల చూస్తే ఇరవై శాతం లోపే, పేపర్లో చదివితే ఎవరూ కంగారుపడని అంకె. డ్యాముల్లోకి వచ్చే నీరు మాత్రం సగానికి పైగా పడిపోయింది. ఎందుకంటే నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది, భూగర్భ మట్టం తన వాటా తీసుకుంటుంది, అవన్నీ అయ్యాక మిగిలిందే ఏరు. వానలో కొద్దిపాటి కోత ఏటి దగ్గరికొచ్చేసరికి రెట్టింపు, మూడింతలు అవుతుంది. వాళ్లు 2006లోనే సముద్రపు నీటిని శుద్ధి చేసే పెద్ద ప్లాంటు మొదలుపెట్టారు. దాని ఖర్చు గురించీ, కరెంటు గురించీ ఎంత వాదించుకున్నా, కనీసం "వచ్చే ఏడు బాగుంటుందిలే" అని చేతులు కట్టుకుని కూర్చోలేదు.

2021లో కొలరాడో పైభాగంలో ఇదే లెక్క ఇంకో రకంగా దెబ్బకొట్టింది. కొండల మీద మంచు మామూలు కంటే కొంచెమే తక్కువ. మంచు కొలిచి నీటిని అంచనా వేసే పద్ధతికి అక్కడ వందేళ్ల చరిత్ర ఉంది, కాబట్టి ఆ మంచును బట్టి చూస్తే పర్వాలేదనిపించాలి. కానీ అంతకు ముందు ఏడాది వేసవీ, శరదృతువూ నేలని ఎంత ఎండగొట్టాయంటే, కరిగిన మంచుని నేలే పీల్చేసింది. ఆ నది మీదే ఉన్న పావెల్ రిజర్వాయర్‌కి ఆ ఏడాది చేరింది సగటులో సుమారు మూడో వంతు. అదే వసంతంలో కాలిఫోర్నియాలో కూడా మంచుని బట్టి వేసిన అంచనాలు అసలు వచ్చిన నీటి కంటే బాగా ఎక్కువగా తేలాయి. నేల కింద తడి ఎంతుందో కొలిచే సెన్సర్లు తగినన్ని లేవనీ, విమానాల నుంచి లేజర్‌తో మంచు కొలవడం ఇంకా అన్ని లోయలకీ చేరలేదనీ ఆ తర్వాత అందరూ ఒప్పుకున్నారు. సరే, పరికరాలు వస్తాయి. నేను అడిగేది ఇంకోటి. నేల ఎండిపోయిందని అంచనా వేసిన వాళ్లకి తెలిసినప్పుడు, "మంచు లెక్క ఈసారి నమ్మకంగా పనిచేయకపోవచ్చు" అన్న ముక్క రైతుకి చేరిందా? చేరి ఉంటే ఎంతమంది ఆ ఏడాది నాట్లు తగ్గించుకునేవాళ్లు?

ఇంకా ఇబ్బంది పెట్టేది, కరువు పోయాక కూడా కొన్ని ఏర్లు తిరిగి రాకపోవడం. ఆస్ట్రేలియా ఆగ్నేయంలో 1997 నుంచి 2009 దాకా సాగిన పెద్ద కరువు తర్వాత విక్టోరియా రాష్ట్రంలో ఏటి పరీవాహకాలని పరిశీలిస్తే, ఏడేళ్లు గడిచినా మూడో వంతు పరీవాహకాలు కోలుకోలేదట. వాన వచ్చింది, ఏరు మాత్రం పాత ఏరులా పారడం లేదు. 2021లో వచ్చిన ఈ ఫలితం చదివాక నాకు మీ "మళ్లీ మామూలు స్థితికి" అన్న వాక్యం కనబడితే చిరాకేస్తోంది.

ఇప్పుడు శాస్త్రవేత్తలతో ఒక మాట. మీలో చాలామంది వాడే పద్ధతి ఒకటుంది కదా: ఇవాళ్టి నేల తడి, మంచు, రిజర్వాయర్ మట్టం తీసుకుని, దాని మీద గత ముప్ఫై నలభై ఏళ్ల వాతావరణాన్ని ఒక్కో ఏడాదిగా నడిపించడం. 1995 లాంటి ఏడాది మళ్లీ వస్తే ఎంత, 2003 లాంటిది వస్తే ఎంత, ఇలా ముప్ఫై నలభై జవాబులు. చాలా తెలివైన పద్ధతి, నాకు ఇష్టం కూడా, ఎందుకంటే అందులో అనుమానం ముందే ఇమిడి ఉంది. కానీ ఆ ముప్ఫై ఏళ్లూ ఇవాళ్టి కంటే చల్లటి ఏళ్లు. 1995 మళ్లీ రాదు, వచ్చినా వేడెక్కిన 1995గా వస్తుంది. ఈ సవరణ కొందరు చేస్తున్నారు, కొందరు చేయడం లేదు. ఎవరు చేస్తున్నారో ఎవరు చేయడం లేదో బులెటిన్ చదివే మనిషికి తెలిసే దారే లేదు.

సగటు సంగతి ఇంకా విచిత్రం. ప్రపంచమంతా ముప్ఫై ఏళ్ల సగటుని పదేళ్లకోసారి మారుస్తారు, ఇప్పుడు నడిచేది 1991 నుంచి 2020 దాకా తీసుకున్నది. వినడానికి న్యాయంగానే ఉంది. పావెల్ రిజర్వాయర్‌కి 1981-2010 సగటు వార్షిక ఇన్‌ఫ్లో కోటీ 8 లక్షల ఎకరా అడుగులు, 1991-2020 సగటు 96 లక్షలు. అంటే ఒక ఏడాది 96 లక్షలు వస్తే పాత కొలబద్దతో అది 89 శాతం, కొత్త కొలబద్దతో నూటికి నూరు. నీళ్లు పెరగలేదు, శాతం పెరిగింది. ఎండిపోతున్న నదికి సగటు మార్చినప్పుడల్లా కొంత కరువు కాగితం మీద నుంచి చెరిగిపోతుంది, మైకు ముందు కూర్చున్నవాళ్లకి అది ఎంత హాయో చెప్పక్కర్లేదు. సగటు మార్చొద్దని అనడం లేదు. శాతంతో పాటు అసలు నీటి పరిమాణం వేయండి, పాత సగటుతో ఎంతవుతుందో కూడా పక్కన వేయండి. ఒక్క లైను ఎక్కువవుతుంది, అంతే కదా.

వాన అంచనాల చరిత్ర కూడా ఈ విషయంలో మంచి పాఠమే. భారత రుతుపవనాలకి సీజన్ అంచనాలు 1880ల్లోనే, హిమాలయాల మంచుని ఆధారం చేసుకుని మొదలయ్యాయి. తర్వాత భారత వాతావరణ శాఖని నడిపిన గిల్బర్ట్ వాకర్ ఎక్కడెక్కడి పీడనాలూ వర్షాలూ పోల్చి చూస్తూ, పసిఫిక్‌లో ఒకవైపు పీడనం పెరిగితే ఇంకోవైపు తగ్గే ఆ పెద్ద ఊగిసలాటని పట్టుకున్నాడు. పసిఫిక్ నీళ్లు వేడెక్కి తరచూ మన వానని తగ్గించే ఎల్‌నినో కథలో సగం అదే. అంత గొప్ప సంబంధం కూడా ఎప్పుడూ ఒకేలా పనిచేయలేదు. 1997లో శతాబ్దంలోనే పెద్ద ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది, భారత్‌లో వానలు మామూలుగానే పడ్డాయి. 2002లో ఎల్‌నినో ఓ మోస్తరుదే, అంచనా సగటులో 101 శాతం, చివరికి పడింది 81 శాతం, జులైలో అయితే మామూలులో సగం కూడా పడలేదు. ఆ తర్వాత మోడల్ మార్చారు, దాన్ని తప్పుపట్టను. కానీ 101 అన్న అంకెని చివరి ఒకటి దాకా చెప్పడం చూడండి! నూట ఒకటట, నూరు కాదట. అంత ఖచ్చితత్వం వినేవాళ్లకి భరోసా ఇస్తుంది, ఆ భరోసాతోనే జనం విత్తనాలు కొంటారు, అప్పులు చేస్తారు. ఉత్తరార్ధగోళపు వసంతానికి ముందు వేసే ఎల్‌నినో అంచనాల మీద నమ్మకం తక్కువన్నది మీ రంగంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మరి ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే వార్తల్లో అది ఎందుకు కనిపించదు? పేపర్లవాళ్లు కోసేస్తున్నారంటారా, అయితే కోయడానికి వీల్లేకుండా అంకెలోనే కలిపి ఇవ్వండి.

గేట్ల దగ్గరున్న ఇంజినీర్లూ, మీ కష్టం నాకు కొంత తెలుసు. మీ చేతిలో ఎప్పుడో రాసిన రూల్ కర్వ్ ఉంటుంది, ఫలానా తేదీకి ఫలానా మట్టం దాటకూడదని. వరద కోసం ఖాళీ ఉంచాలి, కరువు కోసం నింపి ఉంచాలి, రెండూ ఒకే గిన్నెలో. కాలిఫోర్నియాలోని మెండొసీనో రిజర్వాయర్‌లో 2012 డిసెంబర్‌లో పెద్ద తుఫాను నీరు చేరింది. రూల్ ప్రకారం వరద కోసం ఖాళీ చేయాలి కాబట్టి వదిలేశారు, రాబోయే రోజుల్లో వాన సూచన లేకపోయినా సరే. తర్వాత వాన పడనేలేదు, 2013 ఆ రాష్ట్ర రికార్డుల్లో అత్యంత పొడి ఏడాది అయింది. ఏడాది తిరిగేసరికి రిజర్వాయర్ అడుగు కనబడింది. ఎవరూ రూల్ తప్పలేదు. ఆ అనుభవం తర్వాతే శాస్త్రవేత్తలూ ఇంజినీర్లూ కలిసి కూర్చుని, నాలుగైదు రోజుల ముందు సూచన చూసి వదలాలో ఉంచాలో తేల్చే పద్ధతి తయారుచేశారు. 2020లో కరువు ఏడాదిలోనే దాన్ని వాడి చూస్తే, పాత రూల్‌తో మిగిలేదానికంటే దాదాపు ఐదో వంతు నీళ్లు ఎక్కువ మిగిలాయి. కొత్త డ్యామ్ లేదు, కొత్త కాలువ లేదు.

అయితే దీనికి ఇంకోవైపు ఉంది, అది దాటేస్తే మీకు అన్యాయం చేసినట్టే. 2011 జనవరిలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వరదల తర్వాత, ఆ నగరానికి ఎగువనున్న వైవెన్హో డ్యామ్ నడిపినవాళ్ల మీద వేలమంది కోర్టుకెక్కారు, వాన సూచన చూసి ముందే ఎందుకు వదల్లేదని. 2019లో కోర్టు నిర్వాహకుల తప్పుందంది, 2021లో అప్పీలు కోర్టు డ్యామ్ సంస్థ విషయంలో ఆ తీర్పు కొట్టేసింది. పదేళ్ల టెన్షన్. సూచన నమ్మి వదిలి వాన రాకపోతే నీళ్లు పారబోశారంటారు, నమ్మకుండా ఉంచి వాన వస్తే ముంచారంటారు. ఇలాంటి పరిస్థితిలో ఏ ఇంజినీరైనా పాత పుస్తకం పట్టుకునే ఉంటాడు, నేనైనా అంతే చేస్తా. అందుకే ఈ బరువు గేటు దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి మీద వేయకూడదు. ఎంత శాతం అవకాశం ఉంటే వదలాలి, ఎంతైతే ఉంచాలి అన్నది సీజన్‌కి ముందే, పైవాళ్లే, బహిరంగంగా, సంతకం పెట్టి తేల్చాలి. రైతులూ, నగరాలూ, కరెంటువాళ్లూ ముందే చూసి గొడవపడాలి. గొడవ ఎలాగూ తప్పదు, అదేదో వానకి ముందే అయితే మేలు.

మైకు పట్టుకునేవాళ్లకి ఒక భయం ఉంది, అనుమానం చెబితే జనం కంగారుపడతారని, లేదా అసలు నమ్మడమే మానేస్తారని. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ చూడండి. మూడేళ్ల వరస కరువు తర్వాత 2018 మొదట్లో, కుళాయిలు ఆగిపోయే రోజు ఇదిగో అని తేదీ చెప్పేశారు, మట్టాలు ఎలా ఉన్నాయో వారం వారం బయటపెట్టారు, మనిషికి రోజుకి 50 లీటర్లు అన్నారు. ఆ తేదీ ముందుకీ వెనక్కీ జరిగింది, అంటే అంచనా "తప్పింది". ఎవరూ దాన్ని పట్టించుకోవడం మానేయలేదు. నగరం వాడకం 2015తో పోలిస్తే సగానికి పైగా తగ్గింది, కుళాయిలు ఆగలేదు. అక్కడ అన్నీ బాగా చేశారని అనను, పేద బస్తీలకి ఆ 50 లీటర్లు కూడా కొత్తగా వచ్చిన కష్టం కాదు, వాళ్లెప్పుడూ అంతకంటే తక్కువతోనే బతికారు. కానీ నిజం చెబితే జనం మీదపడతారన్న వాదన మాత్రం అక్కడే తేలిపోయింది.

పనామా కాలువని 2023లో చూశాం, ఒక్కో ఓడ దాటడానికి దాదాపు 19 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రంలోకి పోతుంది, అదే సరస్సు నుంచి నగరాలు తాగాలి. వాన తగ్గేసరికి రోజుకి దాటే ఓడల్ని కోశారు, ఎన్నింటికి ఎప్పుడు కోస్తారో నెలల ముందే ప్రకటించారు. ఓడల కంపెనీలకి ఇవ్వగలిగిన ముందస్తు సమాచారం పొలాలకీ ఇళ్లకీ ఎందుకివ్వలేరో నాకు అర్థం కాదు.

డేటా గురించి కూడా చెప్పేస్తా, ఇది చిన్న విషయం కాదు గానీ ఎక్కువ వాదించాల్సిన పనిలేదు. 2023లో ప్రపంచ నదులు మూడు దశాబ్దాల్లో ఎప్పుడూ లేనంత పొడిగా ఉన్నాయని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది, అలా చెప్పడానికి కూడా చాలా దేశాల నుంచి కొలతలు అందడం లేదని వాళ్లే మొత్తుకుంటున్నారు. ఏటి గేజ్‌లు మూతపడుతున్నాయి, సరిహద్దు దాటే నదుల లెక్కలు రహస్యాల్లా దాస్తున్నారు. భూగర్భంలో ఎంత తగ్గిందో 2002 నుంచి ఉపగ్రహాలు గురుత్వాకర్షణ మార్పుని బట్టి చెబుతున్నాయి, బాగుంది, కానీ అవి పెద్ద పెద్ద ప్రాంతాలకే, ఒక మండలానికో తాలూకాకో పనికిరావు. ఏట్లో నీళ్లు లేనప్పుడు జనం బోర్లే కదా తోడుకునేది. ఏటి అంచనా ఒక ఆఫీసు, బోర్ల లెక్క ఇంకో ఆఫీసు, ఈ రెండూ ఒకే కాగితం మీద కనబడటం నేనింతవరకూ చూళ్లేదు.

సరే, అడగాల్సింది అడిగేస్తా. ఒక అంకె బదులు మూడు ఇవ్వండి: పదిలో తొమ్మిదిసార్లు ఇంతకంటే తక్కువ రాదు, సగంసార్లు ఇంత, పదిలో ఒకసారి ఇంతకి పైన. మొదటి అంకె మీదే మేం బతుకుతాం, కాబట్టి దాన్ని చిన్న అక్షరాల్లో కింద పడేయకండి. మీరు 70 శాతం అవకాశం అన్న సందర్భాలన్నీ కలిపి చూస్తే నిజంగా పదిలో ఏడుసార్లు అలా జరిగిందా, ఆ పట్టిక ఏటా వేయండి. అవకాశాలు చెప్పేవాళ్లని కొలిచే పద్ధతి అదే, మీరు మీలో మీరు ఎలాగూ వేసుకుంటారు, మాకు చూపించరు అంతే. నేల పొడిగా ఉండో, గేజ్ పాడయ్యో, సీజన్‌కి చాలా ముందే వేసిన అంచనా అయ్యో, ఎందుకు నమ్మకం తక్కువో ఒక వాక్యంలో చెప్పండి. మొదటి అంకె నిజమైతే ఎవరి కాలువ ముందు మూస్తారో, ఏ నగరానికి ఎంత కోస్తారో అంచనాతో పాటే అచ్చువేయండి.

ఇవేవీ కొత్త సాఫ్ట్‌వేర్ అడగడం లేదు, పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, వీటిలో చాలావరకు ఇప్పటికే మీ కంప్యూటర్లలో ఉన్నాయి. అన్నీ ఒకేసారి కుదరకపోతే, వచ్చే బులెటిన్‌లో గత పదేళ్లలో మీరేసిన అంచనాల పక్కన అసలు వచ్చిన నీళ్లు ఎంతో వేయండి, మిగతావాటి కోసం అప్పుడు మళ్లీ రాస్తా.

ఇట్లు,
మీ అంకెలు చూసి నీళ్లు వాడుకునే ఒకడు